మడత విప్పని మనవి

మా నాన్నగారి బైబిలు ఎప్పుడూ దాని అసలు లావుకు రెట్టింపు ఉండేది. ఒంగోలు దగ్గర ఒక చిన్న పల్లెలో ఆయన సంఘానికి ఉపదేశి. శనివారం పొద్దుగూకే వేళకు ఒక్కొక్కరే మా అరుగు దగ్గరికి వచ్చి ప్రార్థన మనవి చీటీలు ఇచ్చి వెళ్లేవారు. రాయడం రానివాళ్లకు ఆయనే రాసిపెట్టేవారు. పొగాకు ఆకు కాల్చే బ్యారన్లలో పనిచేసి వచ్చిన చేతులు తాకిన కాగితాలు కాబట్టి ఆదివారం నాటికి పుస్తకమంతా పొగాకు వాసన వేసేది. మా సంఘంలో ఎవరి మనవి వాళ్లు లేచి చెప్పుకునే అలవాటు లేదు. చీటీ పెద్దకు ఇవ్వాలి. పెద్ద దాన్ని చూసి, నలుగురిలో చదవదగినట్టు చేసి చదవాలి. భర్త కొట్టగా చెయ్యి వాచిన మరియమ్మ చీటీ నాన్నగారి నోట "ఒక సహోదరి కుటుంబ సమాధానం కొరకు" అయ్యేది. మరియమ్మ తల దించుకుని ఆమేన్ అనేది. ఆమె భర్తా ఆమేన్ అనేవాడు. ఒకే ఒక్కసారి నాన్నగారు ఒక చీటీని ఉన్నది ఉన్నట్టు చదివారు. పొలం గట్టు జరిపిన ఒక పెద్దమనిషి పేరు అందులో ఉంది. నెల తిరక్కుండా సంఘం రెండయింది. వీధికి అవతల ఇంకో పాక లేచింది, దానికో గంట కట్టారు. ఆదివారం పొద్దున రెండు గంటలూ ఒకదాన్నొకటి తరుముతున్నట్టు మోగుతుంటే నాన్నగారు చాప మీద బోర్లా పడుకుని ఏడవడం చూశాను. ఆ తర్వాత ఆయన నాతో అన్న మాట నా ఎముకల్లోకి దిగిపోయింది: "సంఘం నిలవాలిరా ముందు. నిజాన్ని చూసుకోవడానికి దేవుడున్నాడు."

ఆ చీటీల అలవాటు నాతోపాటు సముద్రాలు దాటి కెనడాలోని విండ్సర్ వచ్చింది. ఇక్కడే చదివాను, ఇక్కడే హైస్కూల్లో లెక్కలు చెప్పాను, ఇక్కడే ముసలివాణ్ణయ్యాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడనంత మంది మన పిల్లలు ఈ నాలుగైదేళ్లలో ఈ ఊరికి వచ్చారు. బస్సెక్కితే తెలుగు వినిపిస్తుంది. ఆదివారం ఆరాధనకు కుర్చీలు చాలడం లేదు. తెలుగు సంఘాలు రెండున్నాయి, మాదొకటి, అవతలివాళ్లదొకటి. ఎంతో ప్రయాసపడి నెలకొక ఉమ్మడి ఆరాధన కుదిర్చాం. దానికి నిబంధనలు రాసింది నేనే. అందులో మూడోది: ఒక సంఘపు లోపలి సంగతుల్లో ఇంకొక సంఘం కలుగజేసుకోకూడదు. అది రాసేటప్పుడు నా కలం ఎక్కడా ఆగలేదు. ఎక్కడో ఎప్పుడో రాసిన వాక్యమే మళ్లీ రాస్తున్నానని కూడా తోచలేదు.

పోయిన గురువారం మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే మెర్సీ పైకి వచ్చింది. ఖమ్మం అమ్మాయి, కాలేజీలో చదువుకుంటూ కాఫీ షాపులో పనిచేస్తుంది. చేతిలో మడిచిన కాగితం.

"వందనాలు అంకుల్. ఈ సండే కంబైన్డ్ సర్వీస్ ఉంది కదా. ఈ మనవి చదవాలె."

"ఎవరి కోసమమ్మా?"

"మా ఫ్రెండ్ సౌమ్య కోసం. హాస్పిటల్‌ల అడ్మిట్ చేసిన్రు. తను అవతలి చర్చికి పోతది." కాగితం ముందుకు చాచి, "చదివితే మీకే తెలుస్తది అంకుల్. ఎవ్వరూ చదవరేమోనని భయమైతంది," అంది.

అవతలి చర్చి అనగానే నా చెయ్యి తనపని తాను చేసుకుపోయింది. కాగితం తీసుకున్నాను, బైబిలులో పెట్టాను. "చూస్తాలే తల్లీ," అన్నాను. మడత విప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం గ్రేస్ వచ్చింది. జోసెఫ్ కూతురు. జోసెఫ్ టాంజానియావాడు. నేను విద్యార్థిగా ఉన్న ఇంట్లోనే ఉన్నాడు. తర్వాత టొరంటోలో స్థిరపడ్డాడు. అతన్ని మట్టికి అప్పగించి నెల కాలేదు. గ్రేస్ ఒక అట్టపెట్టె మా భోజనాల బల్ల మీద పెట్టి, "నాన్న సామాను సర్దుతుంటే దొరికింది, మీ సంతకాలున్నాయి," అంది. టీ తాగి, మంచు పెరగకముందే టొరంటో చేరాలని వెళ్లిపోయింది. పెట్టెలో ఒక పాత పటం, దాని కింద ఆకుపచ్చ అట్ట ఉన్న నోటు పుస్తకం. మా ఇంటి సభ మినిట్సు పుస్తకం.

అప్పుడు మేముండేది రైలు పట్టాల పక్కనున్న ఒక రెండంతస్తుల ఇటుక ఇంట్లో. కింద మిసెస్ హార్పర్ అనే వితంతువు, పైన మేం నలుగురం. గాలి నది వైపునుంచి వీస్తే సారా కర్మాగారంలో ఉడికే ధాన్యం పులిసిన వాసన కిటికీల్లోంచి వచ్చేది. అటు తిరిగితే కార్ల ఫ్యాక్టరీ పొగ. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశాల నుంచి పిల్లలు అప్పుడూ గుంపులుగా వచ్చారు, ఇప్పటంత కాకపోయినా, ఆ ఊరు తెల్లబోయేటంతమంది. నన్ను మిషను వాళ్లు పంపారు. ఆ ఇంట్లో నాకంటే ముందునుంచీ జోసెఫ్, ఇమెకా, ఇలియా ఉన్నారు. ఇమెకా, ఇలియా ఇద్దరిదీ నైజీరియాయే. ఇమెకాది తూర్పు, ఇబో జాతివాడు. ఇలియాది మధ్య ప్రాంతం. ముగ్గురూ మిషను బళ్లలో చదివినవాళ్లే, ముగ్గురూ నాలాగే బైబిలు వాక్యంలో పెరిగినవాళ్లే. నేను భోజనానికి ముందు ఎక్కువసేపు ప్రార్థన చేస్తానని నాకు రెవరెండ్ అని పేరు పెట్టారు. "రెవరెండ్, స్తోత్రం కొంచెం చల్లార్చు, అన్నం చల్లారిపోతోంది," అనేవాడు ఇమెకా. వంట అతనిదే. వాళ్ల ఊరి ఎర్ర తాటినూనె ఇక్కడ దొరకదు కాబట్టి, డబ్బా టమాటాల్లో వేరుసెనగ ముద్ద కలిపి మాంసం వండేవాడు. శనివారాలు ఆ వాసన మెట్లమీదుగా కిందికి దిగితే మిసెస్ హార్పర్ ఏదో ఒక వంకతో గిన్నె పట్టుకుని పైకి వచ్చేది. ఉప్పు మాత్రం ఇలియా వెయ్యాలి. ఇమెకా చెయ్యి ఉప్పు దగ్గర ఆగదని అందరికీ తెలుసు. "వీడి చేతికి ఉప్పు డబ్బా ఇవ్వకండి, మనల్ని ఊరగాయ పెడతాడు," అని లాక్కునేవాడు ఇలియా.

వంటగది గోడమీద జోసెఫ్ ఆఫ్రికా పటం అంటించాడు. ఏ దేశానికి స్వతంత్రం వస్తే ఆ దేశానికి రంగు పెన్సిలుతో రంగు వేసేవాడు. అందులో తెల్లగా మిగిలినవి చూపించి, "ఇవి కూడా నిండాలి," అనేవాడు. అంతకు కొన్నేళ్ల ముందే ముప్పైకి పైగా కొత్త దేశాల నాయకులు అడిస్ అబాబాలో కూర్చుని ఖండమంతటికీ ఒక సంస్థ పెట్టుకున్నారు. ఆ రోజు రేడియో విని తమ బడిలో పాటలు పాడించారని ఇమెకా చెప్పేవాడు. ఇంకా పరాయి పాలనలో ఉన్నవాళ్లకు సాయం చేసే ఆ సంస్థ కార్యాలయం తమ దారెస్సలాంలోనే ఉందని జోసెఫ్‌కు గర్వం. తెల్లవాళ్లు గీసిన సరిహద్దులు ఎంత వంకరవైనా వాటిని కదపకూడదనీ, ఒకరి లోపలి సంగతుల్లో ఇంకొకరు వేలు పెట్టకూడదనీ ఆ దేశాలు ఒట్టు పెట్టుకున్నాయి. కదిపితే ఎక్కడ ఆగుతుంది? ఒక్క గట్టు జరిపితే ఊరంతా గట్లే కదా! నాకు ఆ మాట వినగానే మా వీధిలోని రెండు గంటలు గుర్తొచ్చాయి. ఇంతమంది నాయకులు మా నాన్నగారి మాటే అన్నారనిపించింది. ఇంట్లో గిన్నెలు కడిగే వంతుల దగ్గర తగవు వచ్చి సభ పెట్టుకున్నప్పుడు, ఆ సంస్థ ఒప్పందాన్నే మాకు తగ్గట్టు రాసుకున్నాం. ఖండానికి బయటివాణ్ణని నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. జోసెఫ్ కార్యదర్శి. ఒకరి దేశపు లోపలి సంగతి ఈ బల్ల దగ్గర ఎత్తకూడదన్న వాక్యం నేనే చెప్పి రాయించాను.

ఆ తర్వాత నైజీరియాలో యుద్ధం వచ్చింది. తూర్పు ప్రాంతం బయాఫ్రా పేరుతో వేరుపడింది. ప్రభుత్వ సైన్యం దాన్ని చుట్టుముట్టింది. ఖండ సంస్థ ఇది ఒక దేశపు లోపలి సంగతి అంది. టాంజానియాతో కలిపి ఆ ఖండంలో నాలుగు దేశాలు మాత్రమే కొత్త దేశాన్ని గుర్తించాయి. ఇమెకా ఒకరోజు పెన్సిలు తీసుకుని పటం దగ్గర నిలబడ్డాడు. నేను "వద్దు" అన్నాను. అతను సరిహద్దు గీత గియ్యలేదు. పెన్సిలు బల్లమీద పెట్టి వంట మొదలెట్టాడు. అప్పటినుంచి అతను ఉప్పు డబ్బా ముట్టుకోవడం నేను చూడలేదు. యుద్ధం వల్ల మనిషి సరదా పోయిందనుకున్నాను. ఇంటినుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. పత్రికల్లో పొట్టలుబ్బిన పిల్లల బొమ్మలు వచ్చేవి. ఇలియా ఆ పత్రికను మడిచి కుర్చీ కింద దాచేవాడు, అది దయో కోపమో నాకు తెలిసేది కాదు. అతని అన్న ప్రభుత్వ సైన్యంలో ఉన్నాడు.

ఏడాదికి ఒక ఆదివారం మా చర్చిలో విదేశీ విద్యార్థులకు పది నిమిషాలు వేదిక ఇచ్చేవారు. అంతకుముందు రోజు మధ్యాహ్నం, వంటగది బల్ల దగ్గర, ఇమెకా ఒక నీలం కాగితం తీశాడు. నాలుగు మడతలు. ఎవరో మిషను ఫాదర్ చేతిమీదుగా, ఏయే ఊళ్లు తిరిగో, పెన్సిలు పట్టుకుని పటం దగ్గర నిలబడిన ఆ రోజుల్లోనే అతనికి చేరిందట.

"రెవరెండ్, రేపు పది నిమిషాల్లో రెండు నిమిషాలు నాకివ్వు. మా చెల్లెలి ఉత్తరం చదువుతాను. వీళ్ల చర్చిలు అటు తిండి పంపుతామంటున్నాయి. ఏ ఊరికి, ఏ మిషనుకు అని ఎవరైనా చెబితేనే పంపేది. మా ఊరి పేరు వీళ్ల చెవిన పడాలి. అమ్మా, చెల్లి ఇఫోమా అక్కడే ఉన్నారు."

ఇలియా గరిట పక్కన పెట్టాడు. "ఏ దేశం నుంచి వచ్చిన ఉత్తరమని చెబుతావు?"

"మా ఊరి నుంచి."

"ఆ ఊరు ఏ దేశంలో ఉందని?"

"ఆకలికి దేశం పేరెందుకు ఇలియా?"

"నీకే కావాలి. పటం మీద గీత గియ్యబోయింది నువ్వు. మా అన్న అక్కడ బురదలో ఉన్నాడు. రేపు అతని శవం వస్తే నేనెవరి ఉత్తరం చదవాలి?"

జోసెఫ్ గొంతు సవరించుకున్నాడు. "మా దేశాధ్యక్షుడు ఆ దేశాన్నే గుర్తించాడు. మనం ఒక్క ఉత్తరం వినలేమా?"

"నాలుగు దేశాలు! మిగతా ఖండం ఒప్పుకుందా?" ఇలియా నావైపు తిరిగాడు. "వాడు చదివితే నేను చర్చి మెట్లు దిగి వెళ్లిపోతాను. ఈ ఇంటి మెట్లు కూడా."

ఇమెకా ఉత్తరం నా ముందుకు తోశాడు. "ముందు నువ్వు చదువు. చదివి నిర్ణయించు. నువ్వేమన్నా సరే."

అతనికి అంత నమ్మకం. అదే అన్నం తిన్నవాణ్ణి, అదే దేవుణ్ణి మొక్కేవాణ్ణి. ఆ కాగితం ఉల్లిపొరంత పల్చగా ఉంది, వేళ్లకు బరువే తెలియలేదు. చదివితే మనసు మెత్తబడుతుందని తెలుసు. మెత్తబడితే ఇల్లు రెండవుతుందని భయం. సహోదరులు కలిసి ఉండడం ఎంత మంచిదో చెప్పే కీర్తన నాకు నోటికొచ్చు. అది గుర్తుచేసుకుని ధైర్యం తెచ్చుకున్నాను. దెబ్బలు తిని దారిలో పడివున్నవాణ్ణి చూసి, అవతలి పక్కనుంచి దాటిపోయిన యాజకుడి కథ కూడా నోటికొచ్చు. ఆ పూట అది గుర్తు రాలేదు.

"నేను చదివితే ఒకవైపుకు వెళ్లినట్టవుతుంది," అన్నాను.

ఇమెకా నవ్వాడు. "చదవకపోయినా వెళ్లినట్టే, రెవరెండ్."

మర్నాడు నేనే ప్రార్థన చేశాను. యుద్ధం వల్ల శ్రమపడుతున్న వారందరి కొరకు అన్నాను. ఊరి పేరు లేదు, దేశం పేరు లేదు, మనిషి పేరు లేదు. మా నాన్నగారి గొంతే నా నోట్లోంచి వచ్చింది. మంచి ప్రార్థన చేశావని ముసలమ్మలు నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఇమెకా తెల్లని కుట్టుపని చొక్కా వేసుకుని రెండో వరసలో నిలబడి ఉన్నాడు. అందరూ పాట పాడుతుంటే అతని పెదవులు కదలలేదు. సోమవారం సామాను సర్దుకున్నాడు. మెట్ల దగ్గర ఆగి, "ఉత్తరం ఇస్తావా?" అన్నాడు. మినిట్సు పుస్తకంలో పెట్టామనీ, అది జోసెఫ్ దగ్గరుందనీ, జోసెఫ్ టొరంటో వెళ్లాడనీ, రాగానే తెచ్చిస్తాననీ చెప్పాను. అవన్నీ నిజాలే. జోసెఫ్ బుధవారం వచ్చాడు. నేను అడగలేదు. ఆ రోజుల్లో మా విశ్వవిద్యాలయం ఎంతని? నడిచి వెతికినా గంటలో దొరికేవాడు. ఎదురుపడితే ఏమంటాడోనని అతను తిరిగే దారులు మానుకున్నాను. కొన్నాళ్లకు ఊరే విడిచి వెళ్లాడని విన్నాను. అతని వంటగిన్నె మా దగ్గరే ఉండిపోయింది. దాన్ని ఎవరూ పొయ్యి ఎక్కించలేదు. ఇలియా ఒకరోజు దాన్ని చూస్తూ, "నేను గెలిచాననుకున్నావా?" అన్నాడు. వసంతానికి అతనూ వెళ్లిపోయాడు. ఏ ఇంటి ఐక్యత కోసం నోరు మూసుకున్నామో ఆ ఇల్లు నలుగురిలో ఇద్దరికి వచ్చింది.

యుద్ధం ఆగింది. బయాఫ్రా లేకుండా పోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ ఖండ దేశాలు తమ పాత సంస్థను ముగించి కొత్తది కట్టుకున్నాయి. ఘోరమైన మారణకాండ జరుగుతుంటే అది లోపలి సంగతని చూస్తూ ఊరుకోనక్కర్లేదని ఈసారి ఒప్పందంలో రాసుకున్నారు. ఆ వార్త చదివినప్పుడు నేను తరగతి గదిలో ఉన్నాను. పత్రిక మడిచి లెక్క చెప్పడం మొదలెట్టాను. ఎన్ని సమాధులు తవ్వాక వాళ్లకు ఆ వాక్యం దొరికిందో గాని, దేశాలే దిద్దుకున్నాయి. నేను చెప్పి రాయించిన వాక్యాన్ని నేను దిద్దుకోలేదు. దాన్నే తెచ్చి తెలుగులో మళ్లీ రాశాను.

గ్రేస్ వెళ్లాక ఆకుపచ్చ పుస్తకం తెరిచాను. జోసెఫ్ గుండ్రటి చేతిరాత. "అధ్యక్షుని నిర్ణయం: ఈ విషయం సభ పరిధిలోకి రాదు. జతచేసిన కాగితం ఒకటి." కింద నా సంతకం, ఎంత పొగరుగా ఉందో. నీలం కాగితం ఆ పేజీకి అతుక్కుపోయి ఉంది. మా ఆవిడ సుగుణ కత్తి మొనతో మెల్లగా విడదీసింది. ఏభై ఏళ్లు దాటాక మడత విప్పాను.

బడిపిల్ల రాసిన ఇంగ్లీషు. ఊరూ దేశమూ రాయవలసిన చోట "మన ఇంటి నుంచి" అని ఉంది. సైన్యం మాట లేదు. ఏ జెండా మాటా లేదు. "అన్నయ్యా, బాగున్నానని రాయమంది అమ్మ. లేవలేకపోతోంది. ఇక్కడ ఉప్పు లేదు. ఉప్పు లేనందుకు చిన్నపిల్లలు కూర ఉమ్మేస్తున్నారు. కవరులో కాస్త ఉప్పు పెట్టి పంపగలవా? లావుగా ఉంటే దారిలో ఆపేస్తారట, పల్చగా పెట్టు. అక్కడ మంచు ఉప్పులాగా ఉంటుందని నువ్వు రాసింది అమ్మకు చదివి వినిపించాను. నవ్వింది. నువ్వు తినే కూరలో నా వంతు కూడా వేసుకో. నీ చెల్లెలు ఇఫోమా."

నేనుండే ఊరు ఉప్పు గని మీద ఉంది. నది కింద, వీధుల కింద అంతా ఉప్పే. శీతాకాలం వస్తే మంచు కరగడానికి లారీలతో తెచ్చి రోడ్ల మీద చల్లుతారు. అది మా బూట్లకు అంటుకుని గుమ్మంలో తెల్లగా చారలు కడుతుంది, సుగుణ విసుక్కుంటూ తుడుస్తుంది. ఇన్ని చలికాలాలు దాన్ని తొక్కుతూ చర్చికి వెళ్లాను. ఇమెకా ఉప్పు డబ్బా ఎందుకు ముట్టుకోలేదో ఇప్పుడు అర్థమైంది. ఆ ఉత్తరం వినివుంటే మిసెస్ హార్పర్ ఒక్కతే వంద కవర్లు కట్టేది. అది చేరేదో లేదో నాకు తెలియదు. పంపలేదన్నదానికి మాత్రం నా సంతకమే సాక్ష్యం. ఆ పిల్ల బతికిందో లేదో తెలియదు. ఇన్నేళ్ల ప్రార్థనల్లో ఆమె పేరు ఒక్కసారి కూడా దేవుడి ముందు పెట్టలేదు. దేవుడు నన్ను క్షమిస్తాడని నా విశ్వాసం. ఇమెకా చేత క్షమించబడే అవకాశం మాత్రం నా చేతులారా పోగొట్టుకున్నాను.

బైబిలు తెరిచి మెర్సీ కాగితం తీశాను. సౌమ్య, ఇంకొందరు పిల్లలు ఉండే బేస్‌మెంట్‌లో నవంబరు నుంచి హీటరు లేదు. నాలుగుసార్లు చెప్పారు. ఇప్పుడు సౌమ్యకు న్యుమోనియా. ఇల్లుగలాయన అవతలి సంఘంలో పెద్ద, ఉమ్మడి ఆరాధన కోసం నాతోపాటు తిరిగినవాడు. అతని పేరు మెర్సీ స్పష్టంగా రాసింది. సుగుణ నా భుజం మీదుగా చదివింది.

"ఆయనా! ఆయన లేస్తే సగం హాలు లేస్తుంది," అంది. ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇప్పుడే ఫోన్ చెయ్యండి. చలి ఆదివారం దాకా ఆగదు," అంది.

ఫోన్ చేశాను. "అన్నయ్యగారూ, అది మా సంఘం విషయం. మూడో నిబంధన మీరే రాశారు కదా," అన్నాడాయన, మర్యాదగానే. ఆ పిల్లల బేస్‌మెంట్‌కు నేను, మెర్సీ వెళ్లి రెండు హీటర్లు పెట్టి వచ్చాం. దారిలో కారు అద్దం మీద ఉప్పు నీళ్లు చిందుతున్నాయి.

"అంకుల్, సండే చదువుతరా మరి?" అంది మెర్సీ.

"నేను చదవనమ్మా. నువ్వే లేచి చదువు."

"నేనా? పేరు తీసేయమంటరా?"

"ఏ పేరూ తీయొద్దు."

రేపు ఆదివారం. రెండు గంటలు మోగుతాయేమో. మా నాన్నగారు పైనుంచి చూస్తే చాప మీద బోర్లా పడుకుంటారేమో. మెర్సీ కూర్చున్నాక నేను లేచి నా మనవిగా ఆ నీలం కాగితం చదవాలి. దాన్ని చదవదగినట్టు చేసే పని పెట్టుకోను. ఊరి పేరు ఇమెకా చెప్పాడు గాని, నేను మరిచిపోయాను. ఆ దేశం ఇప్పుడు ఏ పటంలోనూ లేదు. నా దగ్గర మిగిలింది ఒక్క పేరు. ఇఫోమా, ఉప్పు అడిగిన పిల్ల.